పెట్టె ఫోటోలో నాలుగు వేళ్లు

నవంబరు 3, సోమవారం

ఈ రోజు గ్రూపులో మా అమ్మ శవం కనబడింది.

పొద్దున్న టీ తాగుతూ ఫోను తెరిచినాను. రిటైరయిన ఈ అయిదు నెలల్లో "పాత ఫోటోలు, వింత ఫోటోలు" గ్రూపే నాకు ఆఫీసయిపోయినాది. ఎవరో ఒకరు పాత ఫోటో పెడతారు, ఇదెక్కడ, ఈళ్లెవరు అని అడుగుతారు, నేను చెప్తాను. ఈ క్వార్టర్లు ఫలానా వైపువి, వెనకనున్న గోడ డెబ్బయ్యారు తరవాత కట్టింది, అలాగ. గ్రూపు నడిపే నగరేశ్వరరావుగారికి మా ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో బట్టల కొట్టు. "జెనీగారు చెప్పినారంటే ఇంక తిరుగు లేదు" అని కింద రాస్తాడు. సంతోషంగానే ఉంటాది. ఎందుకుండదు?

ఈ రోజు పెట్టింది విశాఖపట్నం పిల్ల, పేరు షైని. "మా అమ్మమ్మ ఎస్తేరమ్మ ఆగస్టులో చనిపోయింది. ఆవిడ ట్రంకులో ఈ ఫోటో దొరికింది. వెనకాల నిలబడ్డ మనిషిని ఎవరో కత్తిరించేశారు. ఎవరికైనా ఏమైనా తెలుసా?"

బెంచీ మీద పెట్టె. పెట్టెలో తెల్ల చీరలో అమ్మ. తల దగ్గర నాన్న. వెనకాల నేను, పంతొమ్మిదేళ్ల దాన్ని. నా పక్కన కన్నం. ఆ కన్నంలో మా అక్క ఉండేది.

ఆగస్టులో పోయిందిట అక్క. మా అక్క పోయిన సంగతి నాకు ఫోను చెప్పినాది.

"ఏటే, అలగున్నావు?" అన్నాడు మా ఆయన.

"టీలో పంచదార ఎక్కువైనాది" అన్నాను.

నవంబరు 4

రెండొందల యాభై కామెంట్లు. భయంగా ఉందని ఒకడు, శవం పక్కన ఫోటో దిగడమేటి, పిచ్చాళ్లా అని ఇంకొకడు. ఒళ్లు మండిపోయినాది. రాసి పడేసినాను: "మా క్రైస్తవుల్లో మూత వేసే ముందు ఇంటిల్లిపాదీ ఆదివారం బట్టలు కట్టుకుని పెట్టె వెనక నిలబడి ఫోటో తీయించుకునేవారు. పలాసలో, బొబ్బిలిలో ఉన్న చుట్టాలు బండెక్కి వచ్చేసరికి భూస్థాపన అయిపోయేది. ఆళ్లకి ఆ ఫోటోయే ఆఖరి చూపు. ఇందులో వింతేటుంది, వెటకారమేటుంది?"

నగరేశ్వరరావుగారు దండం బొమ్మ పెట్టినాడు. చాలామంది సారీ చెప్పినారు.

పెట్టెలో ఉన్నది మా అమ్మని మాత్రం రాయలేదు. ఎవరూ అడగలేదు కదా.

ఇంకొకటి. నా ఎడమ భుజం మీద నాలుగు వేళ్లు మిగిలిపోయినాయి. అక్క నన్ను పట్టుకుని నిలబడినాది అప్పుడు. ఆ వేళ్ల చుట్టూ ఎర్ర గీత గీసి "దెయ్యం చెయ్యి" అని పెట్టినాడొక వెధవ. నలభయ్యొక్క ఏళ్లు నాకు ఆ వేళ్ల సంగతే తెలీదు. అప్పుడు చూసుకోలేదు.

నవంబరు 5

కన్నం అంచు పళ్లు పళ్లుగా ఉందేటి అని అడిగినారు. పాత స్టూడియోల్లో అంచులు అలాగే కోసేవారని రాసినాను. ఫోటో చుట్టూ అంచుకి అది నిజమే. కన్నానికి కాదు.

నగరేశ్వరరావుగారు ఒప్పుకోలేదు. "జెనీగారూ, మొదటిసారి మీతో పేచీ పడుతున్నాను. ముప్ఫయ్యేళ్లుగా గుడ్డలమ్ముకుంటున్నోణ్ని. ఇది టైలర్ల పళ్ల కత్తెర."

నాన్న టైలరు. ఖాకీ యూనిఫారాలు కుట్టేవాడు. పళ్ల కత్తెర ఆయన తప్ప ఇంకెవరు ముట్టుకున్నా వీపు చిట్లిపోయేది. ఆ సంగతి అక్కకీ తెలుసు.

అందుకే దాంతోనే.

నవంబరు 6

బాగానే బతికుంటాది అక్క. మనవరాలు ఫోన్లు పట్టుకుని ఫోటోలు పెడుతున్నాదంటే బాగానే బతికినట్టు కదా.

నవంబరు 8

ఒకసారి రాసీస్తాను. ఈ పుస్తకం ఎవరూ ముట్టరు. ఆయనకి కళ్లజోడు ఉంటే గాని పేపరే చదవలేడు, కళ్లజోడు ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలీదు.

ఎనభై నాలుగులో అమ్మ సర్వీసులో ఉండగానే పోయినాది. రైల్వే ఆస్పత్రిలో ఆయా. సర్వీసులో పోతే పిల్లల్లో ఒకరికి ఉద్యోగం. "పెద్దది కదా, ఎస్తేరుకే" అన్నాడు నాన్న. అక్క విశాఖపట్నంలో నర్సు ట్రైనింగులో ఉండేది. భూస్థాపనకి వచ్చి నాలుగు రోజులుండి ఎల్లిపోయినాది. నేను ఇంటరు తప్పి ఇంట్లో ఉన్నాను. ఏడు నెలలు అమ్మకి బెడ్‌పాన్ పెట్టింది నేను, ఒళ్లు తుడిచింది నేను, రాత్రులు మేలుకున్నది నేను. ఉద్యోగం అక్కకి! కడుపు రగిలిపోదా ఎవరికైనా?

అక్క ఎల్లిన తరవాత స్టూడియోవాడు పెట్టె ఫోటోలు రెండు తెచ్చి ఇచ్చినాడు. నాకూ అక్కకీ గొడవ రాకూడదని నాన్న ఒకదాని వెనక "ఎస్తేరు", ఇంకోదాని వెనక "జెనీ" అని రాసినాడు. "నీకొద్దా నాన్నా?" అంటే "నేను సూసినాను కదే" అన్నాడు. ఎస్తేరుది పోస్టు చెయ్యమని నాకు చెప్పి ప్రార్థన కూటానికి ఎల్లిపోయినాడు.

కత్తెర తీసినాను. అక్కని కోసీసినాను. అయిపోయిన తరవాత తిరగేసి చూస్తే వెనక "జెనీ" అని ఉన్నాది. కంగారులో నా ఫోటోయే కోసుకున్నాను. గంజి రాసి, పేరు కనబడకుండా బ్రౌను కాగితం అంటించీసి, ఉత్తరం ముక్క లేకుండా పంపించీసినాను. నాన్నే కోసి పంపినాడని అక్క అనుకోవాలి. అనుకున్నాది.

ఉద్యోగానికని అక్కకి పంపిన ఆఫీసు కాగితం ఇరవై రోజులకి తిరిగొచ్చినాది. "నాకు ఈ ఉద్యోగం వద్దు, మా చెల్లికి ఇవ్వండి" అని కింద సంతకం. అంతే. మళ్లీ ఈ ఊరు రాలేదు. నాన్న రాసిన ఉత్తరాలు చింపకుండానే వెనక్కొచ్చేవి. "దానికేటే నా మీద కోపం?" అని నన్నే అడిగేవాడు. పదేళ్లు అడిగినాడు. "ఏటో నాన్నా, పెద్ద చదువు కదా, మనం కంటికి ఆనం" అనేదాన్ని.

నాన్న పోయినప్పుడు టెలిగ్రాం ఇచ్చినాను. మర్నాడు ఇచ్చినాను.

ఆయాగా చేరినాను, పరీక్షలు రాసినాను, క్లర్కునైనాను. ఆ పరీక్షలు ఎవరూ నా బదులు రాయలేదు. పంతొమ్మిదేళ్ల గుంటకి ఏటి తెలుస్తాది? అయినా అక్క ఒక్క మాట అడగొచ్చు కదా. నాన్నా, ఎందుకిలాగ చేసినావు అని ఒక్క కార్డు ముక్క. అంత పొగరేటి?

నవంబరు 9, ఆదివారం

ప్రేమ్ బజార్‌లో జిరాక్సు షాపు నడిపే శ్రీవల్లి పాత ఫోటోలు బాగుచేసి గ్రూపులో పెడుతుంటాది. ఈ రోజు కంప్యూటరు చేత కన్నం పూడిపించి పెట్టినాది. నా పక్కన ఒక సినిమా పిల్ల నిలబడి పళ్లికిలిస్తున్నాది. తల్లి శవం ముందు!

మా అక్క అలాగుంటాదా? అక్క ముక్కు ఎడమవైపు కొంచెం వంగి ఉండేది, చిన్నప్పుడు పంపు దగ్గర పడి. కనుబొమలు కలిసిపోయేవి. "అక్క ముక్కు ఇలాగుండదు" అని టైపు చేసీసినాను. పంపే ముందు చూసుకుని చెరిపేసినాను.

గుడిలో ఏటి చెప్పినారో ఒక్క ముక్క ఎక్కలేదు.

నవంబరు 11

ఫోటో వెనక చూపించమని ఎవరో అడిగినారు. షైని పెట్టినాది. బ్రౌను కాగితం అలాగే ఉన్నాది. ఎలాంటి గంజి కాసినానో.

ఆవిరి పట్టి కాగితం తియ్యమన్నాడు నగరేశ్వరరావుగారు. విడిగా ఆయనకి మెసేజీ పెట్టినాను, వద్దండీ, పాత ఫోటో పాడైపోతాది, ఆ పిల్లకి ఉన్నది అదొక్కటే అని.

"అదేంటండీ? వెనక చూడకపోతే ఫోటో చూసినట్టే కాదని గ్రూపులో రూలు పెట్టించింది మీరే కదా" అన్నాడు.

నేనే.

నవంబరు 12

తీసినాది.

నాన్న చేతిరాత. జెనీ.

అయిపోయినాను, మొహం ఎక్కడ పెట్టుకోవాలి, ఆయనకేటి చెప్పాలి అనుకుని వంటింట్లో నేల మీద కూర్చుండిపోయినాను. మళ్లీ ఫోను చూసేసరికి అంతా ఇంకోలాగ తిరిగిపోయినాది.

షైని రాసినాది: "ఫోటోలో నిలబడ్డ అమ్మాయి మా అమ్మమ్మే. ముసలితనంలో కూడా అదే నుదురు, అదే గడ్డం. అంటే కత్తిరించింది జెనీ అనే మనిషిని. అమ్మమ్మకి ఖరగ్‌పూర్‌లో ఒక చెల్లెలు ఉండేదని మా అమ్మ అంటుంది."

నన్ను చూసి అక్క అనుకుంటున్నాది! చిన్నప్పుడు మా ఇద్దరిదీ ఒకటే మొహం అనేవారు, నిజమే. వెనకున్న పేరు ఫోటో ఎవరిదో చెప్తాదని ఈళ్లకెవరికీ తట్టలేదు. కోసీసిన మనిషి పేరనుకున్నారు. అందరూ అదే పట్టుకున్నారు. తల్లి శవం దగ్గర దిగిన ఫోటోలోంచి సొంత చెల్లిని కోసి పారేసిందట మా అక్క.

నగరేశ్వరరావుగారు అడిగినాడు: "ఖరగ్‌పూర్, జెనీ... మీరు కాదు కదండీ?"

"నేనే" అని రాసినాను.

నా పేరు జెనీయే కదా. అందులో అబద్ధమేటుంది?

నవంబరు 13

ఏడొందలు దాటినాయి కామెంట్లు. పాపం జెనీగారు. ఇన్నాళ్లు కడుపులో దాచుకుని మన ఫోటోలకి పేర్లు చెప్పినారు. శ్రీవల్లి తన సినిమా పిల్ల బొమ్మ మళ్లీ పెట్టి "ఆ రోజుల్లో ఎంత బాగుండేవారు ఆంటీ" అన్నాది. ఆఫీసులో నాతో పనిచేసిన రాధారాణి దీదీ వాయిస్ మెసేజీలో ఏడ్చినాది.

"అలాంటి అక్కకి నరకమే" అని ఒకడు. ఊరుకోకూడదని "పోయినోళ్లని ఏమీ అనకండి, నేను ఎప్పుడో మర్చిపోయినాను" అని రాసినాను. అది చూసి ఇంకా నెత్తికెత్తుకున్నారు.

గోల్‌బజార్‌కి చేపలకని ఎల్లి ఆయన ఖాళీ సంచీతో తిరిగొచ్చినాడు. నగరేశ్వరరావుగారు కొట్లో కూర్చోబెట్టి అంతా చెప్పినాడట. "ముప్ఫయ్యెనిమిదేళ్లు కాపరం సేసినాను, నాకొక్క ముక్క సెప్పలేదేటే" అని ఏడ్చినాడు. రైలు గార్డుగా చేసినన్నాళ్లూ ఎన్ని చూసినాడో, ఎప్పుడూ ఏడవలేదు మా ఆయన, ఈ సత్యవేదం. వంట కూడా ఆయనే చేసినాడు.

నాకు బాగున్నాది. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. బాగున్నాది.

నవంబరు 15

షైని ఫోను చేసినాది. గొంతు అచ్చం అక్కదే, లోపల బెరుకు తప్ప.

"చిన్నమ్మమ్మా, మీరు నాతో మాట్లాడతారో లేదో అని మూడు రోజులు ఆగానండి."

"ఎందుకు మాట్లాడనమ్మా?"

"అమ్మమ్మ ఎప్పుడూ ఖరగ్‌పూర్ మాటే ఎత్తలేదు. ఒకసారి కలకత్తా వెళ్తుంటే మీ స్టేషన్లో బండి ఆగింది. కిటికీ షట్టరు దించేసి, బండి కదిలేదాకా కళ్లు మూసుకునే కూర్చుంది. మీకు చేసినదానికి మొహం చెల్లక అనుకుంటాను."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ట్రైనింగు మధ్యలోనే మానేసిందట. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ముప్ఫై ఏళ్లు లేడీస్ హాస్టల్లో వంట చేసింది. ఆఖర్లో ఆస్పత్రిలో మీ పేరే. జెనీ తప్పేమీ లేదు, అది చిన్నపిల్ల, దాన్ని ఒక్కసారి చూడాలి అని. మాకు జెనీ ఎవరో తెలీదు కదండీ, జ్వరంలో ఏదో అంటోందనుకున్నాం. తెలిసుంటే మీకు ఫోను చేసేవాళ్లం."

ఫోను ఆయన చేతికిచ్చీసి స్నానాల గదిలోకి ఎల్లిపోయినాను. కుళాయి తిప్పుకున్నాను. బయట ఆయన గొంతు వినబడుతున్నాది, "రేపు కాదు, పై ఆదివారం రా తల్లీ, మా తాల్‌బగీచా ఇల్లు సూద్దువుగాని, నేనే స్టేషనుకొస్తాను" అని.

హాస్టల్లో వంట.

నవంబరు 17

చెప్పీస్తాను. పిల్ల రాగానే చెప్పీస్తాను. ఉద్యోగం అయిపోయినాది, ఇప్పుడు నన్నెవరు ఏటి చేస్తారు?

నవంబరు 18

ట్రంకు అడుగునుంచి రెండో ఫోటో తీసినాను. వెనక "ఎస్తేరు". ముందు అందరూ ఉన్నారు. అక్క ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయి, ఒక చేత్తో నన్ను పట్టుకుని. నేను కెమేరా కేసి చూస్తున్నాను. అక్క నా కేసి చూస్తున్నాది.

ఇది చేతిలో పెడితే చాలు, మాట కూడా అక్కర్లేదు. బల్ల మీద బైబిలు కింద పెట్టినాను.

నవంబరు 20

ఆయన బల్ల తుడుస్తానంటే మళ్లీ ట్రంకులో పెట్టినాను. ముందు పిల్ల భోంచెయ్యాలి కదా. దూరం నుంచి వస్తున్నాది, రాగానే ఎవరైనా ఇలాంటివి చెప్తారా?

నవంబరు 22

చెప్పీస్తాను. భోజనం అవగానే. ప్రభువా, నోరు పెగిలించు.

భయం పిల్ల గురించి కాదు. ఆయన మొహం ఎలాగైపోతాదోనని. ఆ పైన నగరేశ్వరరావుగారు, రాధారాణి దీదీ, చర్చివాళ్లు. అయిదు నెలలుగా నాకున్నది ఆళ్లే.

నవంబరు 23, ఆదివారం

గుమ్మంలో షైనిని చూసి నిలబడిపోయినాను. కనుబొమలు కలిసిపోయి ఉన్నాయి.

అక్క చీర ఒకటి తెచ్చినాది, ఆకుపచ్చ అంచు నేత చీర. "అమ్మమ్మ ఎప్పుడూ కట్టలేదండి, ఎవరికో దాచేది" అన్నాది. ఆయన రొయ్యలు వండించినాడు. పిల్ల బాగా తిన్నాది. డిగ్రీ రెండో ఏడట, హాస్టలు కూడు తిని తిని విసుగొచ్చినాదట. ఆయన నవ్వించినాడు. చేతులు కడుక్కుని వచ్చినాక నా ఎదురుగా నేల మీద కూర్చుని నా రెండు చేతులూ పట్టుకున్నాది.

"షైనీ, ఆ ఫోటో" అన్నాను. నిజంగానే అన్నాను. దేవుడు సాక్షి.

"వద్దు చిన్నమ్మమ్మా, ఇంక మీరు ఆ సంగతి తలుచుకోవద్దు. అమ్మమ్మ తరపున నేను అడుగుతున్నాను. ఆవిడ అడగలేకపోయింది. మీరు క్షమించాను అంటే ఆవిడ ఆత్మకి శాంతి. అది వినడానికే వచ్చాను."

"అది కాదమ్మా, నేను..."

"మీరు ఏమీ చెయ్యలేదని ఆవిడే చెప్పింది కదండీ."

ఏడుస్తున్నాది పిల్ల. ఆయన వెనకాల నిలబడి కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. "ఒక్క మాట అనీయే జెనీ. పిల్ల మనసు కుదుటపడతాది. పోయినావిడ మీద ఇంకా ఏటే?"

ట్రంకు పక్క గదిలోనే ఉన్నాది. పది అడుగులు. నేను లేవలేదు.

"క్షమించినాను" అన్నాను.

పిల్ల నా ఒళ్లో తల పెట్టి భోరుమన్నాది. నేను దాని తల నిమిరినాను. నా చెయ్యి చూసుకుంటే నాకే అసహ్యం వేసినాది. అయినా నిమిరినాను. ఆయన ప్రార్థన మొదలుపెట్టినాడు, ఎస్తేరమ్మ చేసిన తప్పు మన్నించు తండ్రీ అని. చివర్లో అందరం ఆమెన్ అన్నాం.

ఎల్లేటప్పుడు అడిగినాది, మీ దగ్గర ఇంకో ఫోటో ఏమైనా ఉందా, అమ్మమ్మ వయసులో ఉన్నప్పుడు ఎలా ఉండేదో పక్కన మీరు కూడా ఉన్నది చూడాలనుంది అని.

"లేదమ్మా" అన్నాను.

కోసిన ఫోటో నా చేతిలో పెట్టీసినాది. "ఇది మీదే కదండీ, మీ పేరే ఉంది."

నవంబరు 24

నాలుగున్నర బండికి ఆయన దింపి వచ్చినాడు నిన్న. ఈ రోజు పొద్దున్న షైని గ్రూపులో పెట్టినాది. నేనూ తనూ, తన తల నా భుజం మీద. ఆయన తీసినాడు.

కింద రాసినాది: "మా అమ్మమ్మని జెనీ అమ్మమ్మ క్షమించింది."

లైక్ కొట్టినాను.